ముద్ర పడని పూసలు

నమోదు 411

ఈ డబ్బాని నా మెడకి తగిలించిన మహానుభావుడు మా మెట్ట పెద్ద లోకనాథం. "దాలమ్మా, షెడ్డులో ఏటేటి జరిగిందో రోజూ దీనికి సెప్పాల. అదే రాసుకుంటది" అన్నాడు. సరేనని చెప్పాను. రాసింది చదివించుకుని వింటే కళ్ళు తిరిగినంత పనైంది. నా యాసంతా పీకేసి ఎవరో పట్నం దొరసాని మాట్లాడినట్టు రాసిపెట్టింది. నా మాటలు ఎలాగైనా ఏడవనీ, మా వాళ్ళు అన్నది మాత్రం అన్నట్టే ఉంచమని గట్టిగా చెప్పాను. ఉంచుతోంది. దీనికి ఇంకో రోగం కూడా ఉంది. మనసారా ఒక తిట్టు తిడితే మింగేస్తుంది. ఇవాళ పొద్దున్న మా అల్లుడు తవిటిరాజుని నేను అన్నది ఇదీ:

"ఒరే [మాట తీసివేయడమైనది], ఇవి కడిగిన పూసలేట్రా?"

చూశారా! ఎంత చక్కటి మాట పోయిందో.

వాడు తల గోక్కుని, "కూసింత ఎర్రగుంటే ఏటైపోద్ది మేస్త్రీ? ఎలాగూ దిబ్బ మీద పారీసీయే కదా" అన్నాడు. సంచీ వాడి కాళ్ళ దగ్గరకి విసిరేశాను.

పారేసేవే. కాదనను. మా తాతల కాలంలో కరెంటు కార్లని ఉండేవట. కార్లు పోయాయి, సముద్రం పైకొచ్చి రోడ్లూ పోయాయి, వాళ్ళు వాడి పడేసిన బ్యాటరీలు మాత్రం కొండలా మిగిలాయి. ఆ కొండే మా బ్యాటరీమెట్ట. తాతలు మనవలకి తోటలిస్తారు, దొడ్లిస్తారు. మా వాళ్ళు ఇది ఇచ్చారు. దాని మీదే కాపురముండి దాన్నే తవ్వుకు తింటున్నాం. బ్యాటరీలు పొడి కొట్టి యాసిడ్‌లో నానబెడితే వచ్చేదాన్ని పులుసు అంటాం. అందులో పూసలు వేస్తే అవి నికెలూ కోబాల్టూ తాగుతాయి. తాగింది కక్కించి మళ్ళీ తాగిస్తాం. ఇలా కొన్నాళ్ళకి పులుసులోని తుప్పంతా పట్టి, పూస ఎర్రబడి మొండికేస్తుంది. అదే ముసలి పూస. అప్పుడది నా షెడ్డుకి వస్తుంది.

ముసలి పూసకి ఆఖరి స్నానం చేయించడం నా పని. ఘాటు యాసిడ్‌తో కడిగి కడిగి సగ్గుబియ్యంలా తెల్లగా తేల్చాలి. మెట్ట కొత్తలో కడగని పూసలు వానకి కొట్టుకొచ్చి పిల్లల అరికాళ్ళు బొబ్బలెక్కాయట. అప్పటినుంచి కట్టడి. మేస్త్రి చూసి, సంచీ మీద "శుభ్రం" అని ముద్ర వేస్తేనే పూస గేటు దాటాలి. ఆ ముద్ర ఇప్పుడు నా బొడ్డులో ఉంటుంది. పెళ్ళైన కొత్తలో మా ఆయన కడిగిన సంచీని కూడా తిప్పికొట్టాను. పోయేదాకా ఆ మాట ఎత్తిపొడుస్తూనే ఉన్నాడు పాపం. తవిటిరాజు సంచీ మీద మాత్రం ఇంతవరకు ఒక్క ముద్ర పడలేదు.

అసలు తంటా ఏమిటంటే మా వైపు అల్లుడిని అత్త పల్లెత్తు మాట అనకూడదు. ఎదురుగా నిలబడి "నువ్వు" అనడమే మహాపాపం. మరి మేస్త్రి పనివాణ్ణి తిట్టకపోతే పని జరుగుతుందా? అందుకని పెద్దలు కూర్చుని తెగ్గొట్టి చెప్పారు. గేటు లోపల ఉద్యోగం, గేటు బయట చుట్టరికం. లోపల "ఒరే", బయట "బాబూ".

సాయంత్రం గేటు దాటగానే పళ్ళు బిగించి, "బాబూ, అలిసిపోయారు, చోడంబలి తాగి వెళ్దురు గాని రండి" అన్నాను. అలిసిపోయాడట! ఏం చేసి?

నమోదు 414

తెల్ల లాంచీ వచ్చింది. పైపట్నం నుంచి నీళ్ళాఫీసరు మృణాళిని మేడమ్ దిగింది. సీసాలో మా బోరు నీళ్ళు పోసి, ఏదో పొడి వేసి, మూతకి తెల్లకాగితం ముక్క బిగించి కూర్చుంది. మేమూ చుట్టూ కూర్చున్నాం. కాసేపటికి కాగితం పసుపు తిరిగింది. ఆ మీద ఇటుక రంగుకి వచ్చింది.

"ఆర్సెనిక్" అంది.

"అంటే ఏటమ్మా?" అన్నాడు లోకనాథం.

"పాషాణం."

బోర్లు లోతుకి దించేకొద్దీ కింది రాళ్ళలోది పైకి వస్తోందట. వెంటనే చంపదట, ఏళ్ళ తరబడి తాగితే పీల్చేస్తుందట. కడుపుతో ఉన్నవాళ్ళకీ పసివాళ్ళకీ ముందు ప్రమాదమట. ఇంతవరకు బాగానే చెప్పింది. తర్వాత రూలు చదివింది. వచ్చే అమావాస్య పోటుకి లాంచీ మళ్ళీ వస్తుంది. అప్పటికీ కాగితం రంగు మారితే గర్భిణులనూ ఐదేళ్ళలోపు పిల్లలనూ ఎక్కించుకుని పోతుంది.

"మళ్ళీ ఎప్పుడు దింపుతారు?" అని అడిగాను.

"దింపడం ఉండదండీ. ఇక్కడినుంచి వచ్చినవాళ్ళని తిరిగి ఇక్కడికి పంపరు."

"మరి తల్లులు? మొగుళ్ళు?"

"పైపట్నంలో పనివాళ్ళకి చోటు లేదు. ఉంటే నేనే రాసిపెట్టేదాన్ని." ఆమె గొంతు నిజంగానే తగ్గింది. మంచిదే. మంచివాళ్ళు చదివినా రూలు రూలే కదా.

మెట్ట మీద ఇప్పుడు ఐదేళ్ళలోపు పిల్లలెవరూ లేరు, కడుపుతో ఉన్నది ఒక్కతే. మా కుసుమ. నాకున్నదీ ఒక్కతే. ఏడో నెల. ఎదురింట్లోనే కాపురం. నేను గట్టిగా తుమ్మితే "ఏటయిందే అమ్మా" అని అక్కడినుంచి అరుస్తుంది. అలాంటి పిల్లని పడవెక్కించి చెయ్యూపాలట. మేడమ్ ముందు ఏడవడం ఇష్టంలేక షెడ్డుకి పోయి, ఆల్రెడీ తెల్లగా ఉన్న సంచీని ఇంకోసారి కడిగాను.

నమోదు 416

మేడమ్ వెళ్తూ కాగితాల పెట్టె ఒకటి ఇచ్చిపోయింది. మెట్టంతా వైద్యులైపోయారు.

నీళ్ళు కాచాం. కాచేకొద్దీ నీళ్ళు తగ్గాయి గానీ పాషాణం తగ్గలేదు, కాగితం ఇంకా ముదురు రంగు తిరిగింది. బొగ్గు వేశాం. మునగ గింజలు నూరి కలిపాం. లోకనాథం రాగిచెంబులో పోసి అమ్మవారి ముందు పెట్టించాడు. ఆవిడ ముందు కూడా ఇటుక రంగే. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, ఆవిడకి అభిషేకం చేసిందీ ఆ బోరు నీళ్ళతోనే.

"వానొత్తే బావుణ్ణు" అన్నాడు లోకనాథం.

"నడి వేసవిలో వానేటి మావా? నీ బుర్ర మీద కురుస్తాదేటి?" అన్నాను. ఉన్న వాననీళ్ళల్లా ఆసుపత్రి ట్యాంకులో ఉన్నవే. పురుళ్ళకీ గాయాలకీ దాచినవి. వాటికి తాళం. వాటిని ముట్టుకున్నవాణ్ణి మెట్ట దించేస్తారు.

నమోదు 419

ఇవాళ జరిగింది చెప్పాలంటే ముందు కాసిని మంచినీళ్ళు తాగాలి. ఆ మంచినీళ్ళ గొడవే ఇది.

ఇంటింటికీ తిరిగి డ్రమ్ముల్లో నీళ్ళు చూద్దామని లోకనాథం బయల్దేరాడు. అందరిదీ ఒకే బోరు, ఒకే కుళాయి. అన్ని డ్రమ్ములూ ఇటుక రంగే. మా అల్లుడి ఇంట్లో డ్రమ్ము నీళ్ళకి కాగితం తెల్లగా ఉండిపోయింది. మళ్ళీ చూశారు. తెలుపే.

వీధంతా పోగైంది. "ఆసుపత్రి ట్యాంకులోంచి తోడుకొచ్చుంటాడు" అని ఎవరో అన్నారు. అంతే, అందరూ అందుకున్నారు. పెళ్ళాం కడుపుతో ఉందని వాననీళ్ళు దొంగిలించాడని తేల్చేశారు. కుసుమ గడపలో కూర్చుని, "అలాటి పని సెయ్యడు" అని మొత్తుకుంటోంది.

లోకనాథం గట్టిగా అడిగాడు. "తవిటీ, నిజం సెప్పు. ట్యాంకు నీళ్ళు తీసావా?"

వాడు నా వైపు ఒకసారి చూశాడు. నేలకేసి చూశాడు. "తీసాను మావా. నానే తీసాను" అన్నాడు.

నా తల కొట్టేసినట్టయింది. మెట్ట దించేస్తారురా [మాట తీసివేయడమైనది]. బిడ్డ పుట్టకముందే తండ్రిని దించేస్తే, తల్లిని లాంచీ ఎక్కిస్తే, నాకు మిగిలేది ఏమిటి, ఈ డబ్బానా?

ట్యాంకులో ఎంత పోయిందో చూద్దామని అందరం ఆసుపత్రికి వెళ్ళాం. తాళం తాళంలాగే ఉంది. మూత తీశారు. నీళ్ళు అంచుకి తొణుకుతున్నాయి. చుక్క కూడా ఎవరూ తీయలేదు.

"మరి తీసానన్నావేటిరా?" అన్నాడు లోకనాథం నోరు తెరిచి. వాడు మళ్ళీ నా వైపే చూశాడు. చేయని దొంగతనం ఒప్పుకునేవాడిని నేను ఇదే చూడటం.

నమోదు 420

పొద్దున్నే వాడింటికి వెళ్ళి, కుసుమ ఎంత వద్దంటున్నా వినకుండా డ్రమ్ములో భుజం దాకా చెయ్యి పెట్టాను. అడుగున మెత్తగా ఏదో తగిలింది. లాగితే గుడ్డసంచీ వచ్చింది. విప్పితే నా షెడ్డు పూసలు. తుప్పు రంగులో, జిడ్డోడుతూ. తాగే నీళ్ళలో!

నాకు నోటి దాకా వచ్చింది. కానీ నిలబడింది వాడి వంటింట్లో. చుట్టరికం నేల మీద.

"బాబూ" అన్నాను. "ఇదేమిటండీ?"

"అదీ... అత్తా..."

"ఒక్కసారి షెడ్డు దాకా దయచేస్తారా బాబూ?"

నేను ముందు, సంచీ పట్టుకుని వాడు వెనక, వాడి వెనక కడుపు పట్టుకుని కుసుమ, ఆమె వెనక వీధి వీధంతా. దారి పొడుగునా "రండి బాబూ, మెల్లగా, రాయి ఉంది, చూసుకోండి" అంటూనే ఉన్నాను. గేటు దాటించాను. గేటు వేశాను.

[మాట తీసివేయడమైనది] [మాట తీసివేయడమైనది] [ఈ భాగంలో చాలా మాటలు తీసివేయడమైనది]

ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు వాడు చెప్పుకున్నాడు. "రోజూ సంచీ తిప్పికొడతన్నావు మేస్త్రీ. మళ్ళీ కడగాలంటే యాసిడ్ తొట్టికాడ ఒకటే ఎండ. సేతులు కడుక్కునే బూడిదనీళ్ళ తొట్టి నీడలో ఉంది. ఇయి అందులో పడీసి పక్కనే తొంగున్నాను. లేసి సూత్తే మరీ ఎర్రగైపోయాయి. నువ్వు సూత్తే సంపేత్తావని ఇంటికి పట్టుకుపోయి దాసీసాను."

"తాగే నీళ్ళలో దాస్తావేట్రా!"

"ఇంట్లో ఇంకెక్కడ దాసినా కుసుమకి దొరికిపోద్ది."

"మరి దొంగనని ఎందుకు ఒప్పుకున్నావు?"

"దొంగతనమంటే పంచాయతీ తిడతాది. కడగలేదంటే నువ్వు తిడతావు" అన్నాడు. గేటు బయట జనం పగలబడి నవ్వారు. నాకైతే నవ్వు రాలేదు. కొంచెం వచ్చింది.

అప్పుడు లోకనాథం గేటు మీదనుంచి తల పెట్టి, "దాలమ్మా, అదలాగుంచు. నీళ్ళు బాగుపడింది ఈ పూసల వల్లేటి?" అన్నాడు. అందరం ఒక్కసారి సంచీకేసి చూశాం. కుళాయి నీళ్ళు బక్కెట్టులో పట్టి, అందులో సంచీ ముంచి, మధ్యాహ్నం దాకా ఉంచి, కాగితం బిగించాం. తెల్లగా ఉంది. నికెల్ ఏమైనా నీళ్ళలోకి దిగిందేమోనని షెడ్డులో వాడే లోహాల కాగితం కూడా ముంచాను. అదీ బాగానే ఉంది.

మేం ఇన్నాళ్ళూ దిబ్బ మీద పోసిన చెత్త పాషాణాన్ని పట్టేస్తోంది. కుసుమ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, కానీ మోకాళ్ళు ఒప్పుకోలేదు.

నమోదు 421

పెద్ద ట్యాంకు కట్టి, అడుగున ఇసుక, దాని మీద పూసలు పోసి, మెట్టందరికీ అందులోంచి నీళ్ళు వదలాలని తీర్మానం. ఎన్ని పూసలు కావాలన్నా దిబ్బ మీద ఉన్నాయి.

పూసలు ఏరే బాధ్యత నాది. నేను అందరి ముందూ ఒక్కటే మాట అన్నాను. "మకిలి పట్టిన పూసలే ఇంత పని సేత్తే, ముద్ర పడ్డ పూసలు ఇంకెంత సేయాల!"

"అదీ నిజమే" అన్నారు అందరూ. ఇది తాగే నీళ్ళ మాట. బురదపూసలతో ఎవరు తాగుతారు, ఛీ! దిబ్బ మీది తెల్లపూసలు మోసుకొచ్చి, భక్తి కొద్దీ మళ్ళీ కడిగాం. ఆడవాళ్ళంతా వచ్చారు. పాటలు పాడారు. నా చేతులు యాసిడ్‌కి చిట్లిపోయినా లెక్కచెయ్యలేదు. జన్మలో ఇంత తెల్లగా ఎప్పుడూ కడగలేదు. ట్యాంకుకి పసుపు రాశారు, బొట్టు పెట్టారు. తవిటిరాజు కూడా ఒక మూల కూర్చుని పద్ధతిగా కడిగాడు. చూడముచ్చటేసింది.

నమోదు 423

ఇటుక రంగు.

నాలుగు వైపులనుంచి పట్టి చూశాం. ట్యాంకులో పోసిన నీళ్ళూ, ట్యాంకు కిందనుంచి వచ్చిన నీళ్ళూ ఒకటే రంగు. తెల్లపూసలు అందంగా కూర్చున్నాయి తప్ప ఏ పనీ చెయ్యలేదు.

జనం ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ ఎవరూ నన్ను ఏమీ అనలేదు, అది మరీ బాధ. కుసుమ ఇంట్లో బట్టలు మడత పెడుతోంది. పుట్టబోయేవాళ్ళకని నేను కుట్టిన చిన్న చొక్కాలు కూడా మూటలో పెట్టింది. "అవెందుకే ఇప్పుడే" అన్నాను. "అక్కడ నువ్వుండవు కదే అమ్మా కుట్టడానికి" అంది. ఇద్దరం ఒకరిని పట్టుకుని ఒకరం ఏడ్చాం. తవిటిరాజు గుమ్మం బయట మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు.

నమోదు 424

ఏడ్చి ఏడ్చి దాహమేసి, కుసుమ డ్రమ్ములోంచి నీళ్ళు ముంచుకున్నాను. ఆ సంచీని మళ్ళీ అందులోనే పడేశారు. అనుమానమొచ్చి కాగితం పెట్టి చూశాను. ఇప్పటికీ తెలుపే.

"నీ అల్లుడి సంచీ పని సేత్తంది, నీ ట్యాంకు సెయ్యట్లేదు" అంది కుసుమ. "తేడా ఏటే అమ్మా?"

"ఏటుందీ. ఆడిది మురికి, నాది శుభ్రం."

"అదేనేమో మరి."

నాకు చర్రున కోపమొచ్చింది. ఆ కోపంలోనే సంచీలోంచి రెండు గుప్పెళ్ళు తీసుకుని షెడ్డుకి పోయాను. నా పని తప్పు కాదని చూపించాలి కదా. ఒక గుప్పెడు తెల్లగా తేలేదాకా కడిగాను. రెండోది ముట్టుకోలేదు. రెండు గిన్నెల్లో రెండూ వేసి, బోరు నీళ్ళు పోసి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

కడిగిన గిన్నెకి ఇటుక రంగు. కడగని గిన్నెకి తెలుపు.

తుప్పే. పాషాణాన్ని పట్టి కూర్చునేది పూసకి అంటిన తుప్పే. బూడిదనీళ్ళలో నానితే ఆ తుప్పు గట్టిగా అతుక్కుని, యాసిడ్ ఘాటు పోతోంది. నేను నా బతుకంతా చేతులు కాల్చుకుని తోమి తోమి కాలవలో పారబోసింది సరిగ్గా దాన్నే. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. చివరికి గిన్నె తన్నాను. కాలి వేలు వాచింది.

నమోదు 426

నిన్న షెడ్డులో అందరినీ నిలబెట్టి చెప్పాను. "రేపట్నుంచి కడగడం బంద్. పులుసులోంచి వచ్చిన ముసలి పూసలు నేరుగా బూడిదనీళ్ళలో పడీండి. ఎర్రగా ఉండాల. ఎర్రగా లేకపోతే నా సేతిలో అయిపోతారు." అందరూ నాకేదో అయిందనుకున్నారు. ఒకామె నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది కూడా.

దిబ్బ మీద ఉన్నవన్నీ తెల్లవే. ఎర్రవి పులుసు తొట్లలోంచి వచ్చే కొద్దిపాటి సరుకే. అమావాస్య దగ్గర పడుతోంది. ప్రతి గుప్పెడూ కావాలి. ఇలాంటి సమయంలో ఇవాళ తెల్లవారకుండానే షెడ్డుకి వచ్చి, మొదటి సంచీ మొత్తం సగ్గుబియ్యంలా కడిగి ఆరబెట్టిన మహానుభావుడు ఎవరనుకున్నారు?

"ఎవడు కడగమన్నాడ్రా నిన్ను!" అని అరిచాను. ఈ షెడ్డులో ఆ మాట నా నోట వస్తుందని ఎవరూ కలగనలేదు.

"మొన్న దాకా దొంగన్నోళ్ళు ఇప్పుడు ఎదురొచ్చి దండాలెట్టేత్తన్నారు మేస్త్రీ" అన్నాడు తవిటిరాజు. "నిన్న నువ్వు కడగొద్దన్నావు గానీ, నీకు మనసులో ఎంత కట్టమో నాకు తెల్దా? అల్లుణ్ణై ఉండి ఒక్కసారైనా నీ పేరు నిలబెట్టాలని, మంచిగా కడిగాను."

ఇన్నేళ్ళూ వేడుకుంటే రాని బుద్ధి ఇవాళ వచ్చింది. తిట్టడానికి నోరు తెరిచి, ఆపి, పక్కన కూర్చోబెట్టుకున్నాను. "ఒరే తవిటీ, నువ్వు ఆ రోజు ఏటి సేసావో అలాగే సెయ్యి. ఒక్క ముక్క ఎక్కువ సెయ్యకు."

"అంటే పడీసి తొంగోడమే మేస్త్రీ."

"తొంగో."

నీడలో బూడిదనీళ్ళ తొట్టి పక్కన వాడు తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. నేను పక్కన కూర్చుని కాపలా. తొట్టిలో ఎర్రగా, మురికిగా పూసలు. యాసిడ్ మగ్గు అందేంత దూరంలోనే ఉంది. నా చేతులు వాటంతట అవే దానివైపు పోతుంటే వాటి మీద కూర్చున్నాను. సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాను. జీవితంలో నేను చేసిన కష్టమైన డ్యూటీ ఇదే. వాడి గురక వినడం అదనం.

నమోదు 428

ట్యాంకులో తెల్లపూసలు తీసేసి ఎర్రవి పోశాం. లోతు సరిపోలేదు. తవిటిరాజు ఇంట్లో సంచీ కూడా విప్పి పోశాడు. నీళ్ళు మెల్లగా వదిలాం.

కాగితం తెలుపు. మళ్ళీ తెలుపు. లోహాల కాగితం కూడా శుభ్రంగా ఉంది. ఈసారి పసుపూ బొట్టూ ఎవరూ పెట్టలేదు. లోకనాథం మాత్రం చాటుగా దండం పెట్టుకున్నాడు. పాటలు కూడా లేవు. అందరం ఆ నీళ్ళు తాగాం, కొంచెం మట్టివాసన. కుసుమ మూట ఇంకా విప్పలేదు. లాంచీ వచ్చి వెళ్ళాక విప్పుతానంది.

నమోదు 430

లాంచీ వచ్చింది.

మృణాళిని మేడమ్ సీసాలు తెరిచింది, కాగితాలు బిగించింది. ఆమె చూస్తున్నంతసేపూ ఎవరూ దగ్గలేదు. కాగితం తెల్లగా ఉండిపోయింది. ఇంకో సీసా. తెలుపు. లోహాలు కూడా చూసింది. ఆమె ముఖం విప్పారింది. "ఎలా చేశారండీ? ట్యాంకు చూపించండి" అంది.

చూపించాం. మూత తీసి లోపలికి చూసి వెనక్కి ఒక అడుగు వేసింది. నిజం చెప్పాలంటే చూడటానికి అసహ్యంగానే ఉంటుంది.

"ఇవి వాడి పడేసిన పూసలు కదా? షెడ్డు గేటు దాటిన పూసకి ముద్ర ఉండాలి. మీ మెట్ట రూలే. ముద్ర ఏదీ?"

లోకనాథం ట్యాంకు మూత మళ్ళీ పెట్టేశాడు.

"ముద్ర లేని పూసల మీదుగా వచ్చిన నీళ్ళని నేను పాస్ చెయ్యలేను. కొత్త పద్ధతి అంటే పైపట్నానికి రాయాలి, వాళ్ళు చూసి ఒప్పుకోవాలి. దానికి వానాకాలం దాటుతుంది. లాంచీ పోటుతోనే వెళ్ళిపోవాలి." ఆమె కుసుమ వైపు చూసింది. "నన్ను క్షమించమ్మా. ఎక్కు."

కుసుమ మూట తీసుకుంది. తవిటిరాజు ఆ మూట అందుకుని గుండెకి పెట్టుకుని, వదలనట్టు నిలబడ్డాడు. లోకనాథం నా వైపు చూశాడు. మెట్టంతా నా వైపు చూసింది. వాళ్ళ చూపుల్లో ఆశ లేదు. దాలమ్మ కట్టుకున్న మొగుడి సంచీకే ముద్ర వెయ్యలేదని వాళ్ళకి తెలుసు.

ఖాళీ సంచీలు ట్యాంకు పక్కనే గుట్టగా ఉన్నాయి. పైన ఉన్నది తవిటిరాజు డ్రమ్ములో దాచిన సంచీ, ఎర్రటి మరకతో. నేను ముందు ట్యాంకు కుళాయి తిప్పి గ్లాసు నింపాను. మేడమ్ చూస్తుండగా గటగటా తాగాను. ఇంకో గ్లాసు కుసుమకి ఇచ్చాను. అదీ తాగింది.

"ముద్ర ఎందుకు పెట్టారో మీకు తెలుసా అమ్మా?" అని మేడమ్‌ని అడిగాను. "పూస వల్ల పిల్లల కాళ్ళు బొబ్బలెక్కకూడదని. దీని వల్ల ఎవరికీ హాని ఉండదని మేస్త్రి పూచీ పడటానికి. తెల్లగా ఉందని చెప్పడానికి కాదు. ఆ మాట నేనే మర్చిపోయాను."

బొడ్డులోంచి ముద్ర తీశాను. సిరా సరిగ్గా అంటలేదేమోనని ఊది మళ్ళీ అద్దాను. ఆ ఎర్ర మరక మీదే గట్టిగా నొక్కాను. శుభ్రం. తర్వాత దాని కింది సంచీ, దాని కిందిది. అన్నిటికీ వేశాను. మా ఆయన ఎక్కడున్నా నన్ను చూసి పళ్ళు కొరుకుతూ ఉంటాడు.

మేడమ్ పై సంచీని ఎత్తి, ముద్ర చదివి, మడిచి కింద పెట్టింది. "ముద్ర ఉంది" అంది. "నీళ్ళు పాస్." లాంచీ ఎక్కుతూ తన సీసాని మా కుళాయి కింద పట్టి నింపుకుని మరీ వెళ్ళింది.

కుసుమ అక్కడే ఇసుకలో కూలబడి మూట విప్పేసి, చిన్న చొక్కాలు ఒక్కొక్కటీ ఒళ్ళో పరుచుకుంది. జనం ఈలలు వేశారు. తవిటిరాజు ఆ సంచీని రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరకి వచ్చాడు.

"అత్తా, నా సంచీకి ముద్ర పడిపోయిందే!"

"పడింది బాబూ" అన్నాను.

"అయితే రేపు సెలవిత్తావేటి?"

ఇంత జరిగాక, లాంచీ ఇంకా కనుచూపు దాటకముందే, సెలవట! కానీ నిలబడింది గేటు బయట. "బాబూ, ఒక్కసారి షెడ్డు దాకా దయచేస్తారా" అన్నాను. వాడు భయం భయంగా నా వెంట నడిచాడు. గేటు తీశాను, లోపలికి పంపాను, నేనూ వెళ్ళి గేటు వేశాను. వాడు అలవాటుగా తల వంచుకుని, చెవులు మూసుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. వాడి తలని నా భుజానికి ఆనించుకుని చాలాసేపు ఏడ్చాను. వాడూ ఏడ్చాడు. ఈ డబ్బా అంతసేపూ చెవి రిక్కించుకుని ఉంది, మింగడానికి ఒక్క మాటైనా దొరుకుతుందని.